యాభై అట్టలు, తొమ్మిది బొట్లు

మా ఆయన పేరు రాఘవులు. వాళ్ళ తాతగారి పేరు పెట్టారు. వయసు యాభై రెండు. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఒక పెద్ద దుకాణాల కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఏ ట్రక్కు ఎక్కడుందో గిడ్డంగులకి చెప్పే సాఫ్ట్‌వేర్ ఆయన చూసుకునేది. ఆఫీసులో ఆయన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా పాత ఎల్పీ రికార్డులు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మాత్రం ఆయన మాటంటే మాటే. డెబ్భైల్లో వచ్చిన రాక్ గానీ పాప్ గానీ, ఏ ఆల్బమ్ అయినా సరే, రాఘవులు చూసి ఇంత గ్రేడ్ అన్నాడంటే ఇక బేరం ఉండదు. ఇది ఆయన గురించి రాస్తున్నది. మధ్యలో నేనూ వస్తాను, ఎందుకంటే తప్పు చేసింది నేను.

ఆయనకి ఈ పిచ్చి పార్సిప్పనీలో పట్టుకుంది. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు, హెచ్ వన్ వీసా మీద కొత్తగా వచ్చి, నలుగురితో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు. కింద బట్టలుతుక్కునే గదిలో ఎవరో ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా రికార్డులు వదిలేసి, పైన ‘ఫ్రీ’ అని కాగితం అంటించి పోయారు. ఆ మాట కనబడితే చాలు, ఆ రోజుల్లో మనవాళ్ళు వాడేసిన పరుపులు కూడా మోసుకొచ్చేవాళ్ళు. ఈయన ఆ డబ్బా మోసుకొచ్చాడు. ప్లేయర్ లేదు. ఎనిమిది నెలలపాటు కొనలేదు కూడా. రికార్డు తొడుగుల మీద పాటలన్నీ అచ్చువేసి ఉంటే, అవి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. వినకముందే పద్నాలుగు ఆల్బమ్‌లు కంఠతా వచ్చేశాయి. చివరికి ఎవరి గరాజ్‌లోనో ఒక పాత ప్లేయర్ దొరికి విన్నాడట. మీరనుకున్నట్టే ఉందా అని పెళ్ళయ్యాక నేనడిగితే, “లేదు, ఇంకా బాగుంది” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం ఇప్పటికీ చూడాలి.

నేను కాపురానికి వచ్చేసరికి మంచం కింద రెండొందల రికార్డులున్నాయి. షామ్‌బర్గ్‌కి మారినప్పుడు నా గాజు గిన్నెలు న్యూస్‌పేపర్లలో చుట్టి, రికార్డుల మధ్యన నా పట్టుచీరలు కుక్కాడు. గిన్నెలు ఆరు పగిలాయి. రికార్డు ఒక్కటీ పగల్లేదు. అక్కణ్ణుంచి బెంటన్‌విల్‌కి వచ్చేటప్పుడు నేనే దగ్గరుండి సర్దించాను, చీరలు నా ఒడిలో పెట్టుకుని. ఇప్పుడు మా ఇంట్లో ఒక పడకగది మొత్తం వాటిదే. ఆ గదిలో మా అమ్మాయి రిషిత పడుకోవాల్సింది. ఆ పిల్లకి వేసవిలో వేడెక్కే మేడమీది గది ఇచ్చాం.

వాటి పేర్లు నేనెప్పుడూ నేర్చుకోలేదు, మొండితనం కొద్దీ. అట్టల మీది బొమ్మల్ని బట్టి నేనే పేర్లు పెట్టుకున్నాను. వీపు మీద కట్టెలమోపు మోసే ముసలాయన. కిటికీ దగ్గర వట్టి కాళ్ళతో కూర్చున్న అమ్మాయి, ముందు పిల్లి. పొద్దుగూకే వేళ తాటిచెట్ల వెనక హోటలు. నల్లటి అట్ట మీద గాజుముక్కలోంచి రంగులు విరగడం. ఇద్దరు చేతులు కలుపుకుంటుంటే అందులో ఒకడికి నిప్పంటుకోవడం. మీగడ రంగు అట్ట మీద పొడుగాటి మనిషీ నాట్యం చేసే అమ్మాయీ. ఈ పేర్లు వింటే ఆయనకి మొదట్లో కోపం వచ్చేది, తర్వాత ఆయనకీ అవే అలవాటైపోయాయి. “సుధా, కట్టెలమోపు ఎక్కడ పెట్టావు?” అంటాడు.

“అప్పటివాళ్ళు పాటలు చెయ్యలేదు, ఆల్బమ్‌లు చేశారు” అనేది ఆయన వాదన. ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు. ఏ పాట తర్వాత ఏది రావాలో నెలల తరబడి కొట్టుకుని నిర్ణయించేవాళ్ళట. మొదటి వైపు చివరి పాట ఎందుకు అక్కడుందో, తిప్పగానే వచ్చే పాట ఎందుకు అక్కడుందో అన్నం ముందు కూర్చుని చెబుతాడు. “నాన్నా, నేను నాకు లైక్ అయిన సాంగ్ ఒకటే వింటాను, మిగతాది స్కిప్” అంటుంది రిషిత. ఆ మాటకి ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోతుంది.

గ్రేడ్ చెయ్యడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. రికార్డుని అంచులతో పట్టుకుని కిటికీ వెలుగులో వాలుగా తిప్పుతాడు. గీతలుంటే అప్పుడు తేలతాయి. అట్ట అంచులు చిట్లాయా, లోపలి రికార్డు గుండ్రంగా అచ్చు పడిందా, చెమ్మ వాసన వస్తోందా, అన్నీ చూస్తాడు. ఆ తర్వాత మొదట్నుంచి చివరిదాకా వింటాడు. నియర్ మింట్ అంటే కొత్తదానితో సమానం. వెరీ గుడ్ అంటే పరవాలేదు. గుడ్ అంటే బాగాలేదని. మరి బాగాలేదనే రాయొచ్చుగా అంటే, “అలా రాయరు” అంటాడు. తన సొంత రికార్డులకే సగానికి సగం తక్కువ గ్రేడ్ రాసుకున్న మనిషి. అందుకే జనానికి ఆయన మీద గురి.

అలాగే వాల్టర్ గారు మా ఇంటికి వచ్చారు. ఎనభయ్యేళ్ళ మనిషి. ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపారు. ఇక్కడి అలవాటు ప్రకారం మేం మిస్టర్ వాల్టర్ అని పిలుస్తాం. ఆయన భార్య లొరెట్టా మూడేళ్ళ క్రితం పోయారు. పెళ్ళికి ముందు ఆవిడ కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవారట. జీతం వచ్చినప్పుడల్లా ఒక ఆల్బమ్ కొనేవారు. డెబ్భై తొమ్మిది డిసెంబరు ఆఖరి రోజున గీతల కాగితం మీద ఒక జాబితా రాసుకున్నారు. ఈ పదేళ్ళలో ఈ యాభై ఉంటే చాలు, అని. ఒకటో నంబరు కిటికీ దగ్గర పిల్లీ అమ్మాయీ. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆవిడ భర్తని ఒక్కటే అడిగారు, ఆ యాభైనీ విడదీయొద్దని. ఆయన మాటిచ్చారు.

ఇక్కడ ఎవరైనా పోతే ఇంటి తలుపులు బార్లా తీసి సామానంతా అమ్మకానికి పెడతారు. దాన్ని ఎస్టేట్ సేల్ అంటారు. పొద్దున్నే డీలర్లు వచ్చి మంచి రికార్డులు ఏరుకుపోతారు. మధ్యాహ్నానికి మిగిలినవి ఎండలో వంకర్లు పోతుంటాయి. మా ఆయనా అక్కడ ఏరుకునేవాడే. తన తర్వాత లొరెట్టా రికార్డులకి అదే గతి పడుతుందని వాల్టర్ గారి భయం. పిల్లలు లేరు. ఇంతలో దగ్గర్లోని ఒక లైబ్రరీవాళ్ళు పాత ఆల్బమ్‌లు కూర్చుని వినడానికి ఒక గది పెడుతున్నామన్నారు. లొరెట్టా పేరు మీద అలమారలో ఒక అర ఇస్తామన్నారు. షరతు ఒక్కటే. అట్టా రికార్డూ రెండూ వెరీ గుడ్‌కి తగ్గకూడదు, తెలిసినవాళ్ళెవరైనా గ్రేడ్ చేసి సంతకం పెట్టాలి. రాఘవులు చేస్తే ఇంకెవరూ చూడక్కర్లేదని లైబ్రరీ ఆవిడే అంది.

సెప్టెంబరులో రెండు పెట్టెలు మా ఇంటికొచ్చాయి. రోజుకి రెండు చొప్పున విన్నాడు. ఆ నెల రోజులూ ఆయన నడకే మారింది. వంటింట్లోకి వచ్చి, “పదమూడో నంబరు పక్కన పద్నాలుగు ఎందుకు పెట్టిందో ఇప్పుడర్థమైంది” అనేవాడు. ఎన్నడూ చూడని మనిషితో పోట్లాడేవాడు, ఒప్పుకునేవాడు. నలభై ఎనిమిదీ యాభయ్యీ మాత్రం తారుమారు కావాలని చివరిదాకా అన్నాడు. అన్నీ వెరీ గుడ్ పైనే. సగం పైగా నియర్ మింట్. అంత జాగ్రత్తగా ఉంచారా మహాతల్లి.

మహర్నవమి బుధవారం పడింది. ఆయన ఆఫీసుకి, రిషిత స్కూలుకి వెళ్ళారు. నేను పొద్దున్నే కార్లు రెండూ కడిగి నిమ్మకాయలు పెట్టాను. మిక్సీకి, ల్యాప్‌టాప్‌కి, రిషిత పుస్తకాలకి బొట్లు పెట్టాను. ఆయన గదిలోకి వెళ్ళి ప్లేయర్‌కి కూడా పెట్టాను. పక్కనే లొరెట్టా జాబితాలో మొదటి తొమ్మిదీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. మిగతావి పెట్టెల్లో ఉన్నాయి. ఇరవై ఏళ్ళూ ఆ అట్టల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం, నెల రోజులుగా ఆయన మొహం చూస్తున్నదాన్ని కదా, వాటి మీద మొదటిసారి జాలో ప్రేమో కలిగింది. ఆయనకి ఇవే కదా సరస్వతి అనుకున్నాను. తెచ్చి దేవుడి ముందు పుస్తకాల పక్కన పేర్చాను. ఒక్కోదానికీ తడి పసుపు, దాని మీద కుంకుమ. పరాయివాళ్ళ సొత్తన్న ధ్యాసే రాలేదు. మనసారా దండం కూడా పెట్టుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చి చూశాడు. అరవలేదు. బూట్లతోనే వచ్చేశాడు దేవుడి గదిలోకి, ఎప్పుడూ అలా రాడు. నేను గబగబా తడిగుడ్డ తెచ్చి పిల్లీ అమ్మాయీ అట్ట తుడవబోయాను. పసుపు ఇంకా పాకింది.

“అమ్మా, స్టాప్! వాటర్‌తో రబ్ చేస్తే ఇంకా వర్స్ అవుతాది” అని రిషిత నా చెయ్యి పట్టుకుంది.

ఆయన తొమ్మిదీ తీసుకుని తన గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి నేనూ వెళ్ళాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏవండీ, పాత మరక అని రాసెయ్యండి. రికార్డులకేం కాలేదు కదా. వాల్టర్ గారికి చిన్న చిన్నవి అంతగా ఆనవు. లైబ్రరీ ఆవిడకి కుంకుమంటే ఏంటో తెలీదు.”

“నాకు తెలుసు కదా సుధా.”

“చిన్న మరకకే గ్రేడ్ పడిపోతుందా? వేరేవాళ్ళయితే వెరీ గుడ్ రాసేస్తారు, మీరే అంటారుగా.”

“తడి లోపలికి దిగింది. అట్ట ఉబ్బింది. ఇది గుడ్‌కి మించదు.”

“ఈ నారింజ రంగు దాని మీద అసలు కనబడటమే లేదండీ!”

అట్టంతా నారింజ రంగు వలయాలుండే ఆల్బమ్ అది. ఆయన దాన్ని కూడా తిప్పి చూసి, బొటనవేలితో ఉబ్బు తడిమి, గుడ్ అనే రాశాడు. కారణం అన్న గడిలో తొమ్మిదింటికీ ఒకటే రాశాడు: ‘పసుపు, కుంకుమ. గ్రేడ్ చేసినవారి ఇంట్లో జరిగింది.’ నా భార్య చేసింది అని రాయలేదు. రాసి ఉంటే పోట్లాడేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేశాడు.

శనివారం ఇద్దరం పెట్టెలు తీసుకుని వాల్టర్ గారింటికి వెళ్ళాం. ఆయన మాటలు నాకొచ్చిన తెలుగులో పెడుతున్నాను. మా ఇంట్లో తొమ్మిదింటికి మరకలు పడ్డాయని మా ఆయన చెప్పాడు, ఎవరు చేశారో చెప్పలేదు. వాల్టర్ గారు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు.

“ఒకటో నంబరు కూడానా?”

“అవును మిస్టర్ వాల్టర్.”

ఆయన అట్ట చేతిలోకి తీసుకుని వేలితో ఆ మచ్చ దగ్గర నిమిరారు. “పెట్టెలు అక్కడ పెట్టి వెళ్ళండి” అన్నారు. అంతే. క్షమించమని నేననేలోపే తలుపు తీసి పట్టుకున్నారు.

సోమవారం లైబ్రరీవాళ్ళు నలభై ఒకటి తీసుకుంటామన్నారు, తొమ్మిది కుదరదన్నారు. వాల్టర్ గారు యాభైకి యాభై, లేకపోతే ఒక్కటీ లేదన్నారు. లొరెట్టా పేరు మీది అర పోయింది. ఆ కబురు మా ఆయనకి లైబ్రరీ ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. ఆ వారమంతా మా ఇంట్లో రికార్డు మోగలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం తిని, ఆఫీసు పని చేసుకుని, పడుకునేవాడు. తిట్టినా బాగుండేది.

గురువారం నేనొక్కదాన్నే కారేసుకుని వాల్టర్ గారింటికి వెళ్ళాను. పులిహోర పట్టుకెళ్దామనుకుని, లంచంలా ఉంటుందని ఒట్టి చేతులతో వెళ్ళాను. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయారు కానీ కూర్చోమన్నారు.

“అది పెట్టింది నేను, ఆయన కాదు. కాగితంలో ఆ మాట రాయలేదు. అది చెప్పడానికొచ్చాను” అన్నాను.

“ఎందుకు పెట్టారు?”

“ఆ రోజు, ఏవి లేకపోతే మాకు రోజు గడవదో వాటికి దండం పెట్టుకుంటాం. పెట్టేటప్పుడు ఆ బొట్టు పెడతాం.”

“ఇంకా వేటికి పెట్టారు?”

“కార్లకి. మిక్సీకి. మా అమ్మాయి పుస్తకాలకి.”

“రికార్డులకి ప్రతి ఏడూ పెడతారా?”

“లేదు. ఇదే మొదటిసారి. వాటిని చూస్తేనే నాకు మంట.” అబద్ధం ఆడాలనిపించలేదు. “ఈసారి మీ ఆవిడ రాసిన వరస గురించి ఆయన రోజూ చెబుతుంటే, సంతోషంగా ఉన్నాడు కదా అని పెట్టాను.”

ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, “ఏమనేవాడు, వరస గురించి?” అని అడిగారు. నాకు గుర్తున్నంతవరకూ చెప్పాను. నలభై ఎనిమిదీ యాభయ్యీ తారుమారు కావాలన్నాడని చెబితే, “నేనూ అదే అనేవాణ్ణి. లొరెట్టా వినేది కాదు” అన్నారు. కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాను. మా ఆయనకి చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం వాల్టర్ గారి పికప్ ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. వెనక రెండు పెట్టెలూ ఉన్నాయి. మా ఆయన పరుగున వెళ్ళి మోసుకొచ్చాడు. ముందుగదిలో పెట్టాక వాల్టర్ గారు సోఫాలో కూర్చుని నావైపు చూశారు.

“మిగతా నలభై ఒకటికి కూడా పెట్టండి” అన్నారు.

నాకు అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమైంది.

“మిస్టర్ వాల్టర్, వద్దు. అందులో ఇరవై ఎనిమిది నియర్ మింట్. ఇంత బాగున్నవి నేనింతవరకూ చూడలేదు.”

“అందుకే” అన్నారాయన. “ఇవి మీ దగ్గరే ఉంచుకోండి. కానీ నేను పోయిన మర్నాడు డీలర్ మీ తలుపూ తడతాడు. ఇరవై ఎనిమిది ఏరుకుంటాడు. తొమ్మిది పారేస్తాడు. నువ్వే రాశావుగా ఏది మంచిదో ఏది కాదో. అన్నీ ఒక్కలా ఉంటే ఏరుకోవడానికేం ఉంటుంది? ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు ఇవి ఇక్కడే ఉంటాయి, ఈ ఇంట్లో, అన్నీ కలిసి. లొరెట్టా అడిగింది కలిసి ఉండాలనే. కొత్తగా ఉండాలని కాదు.”

మా ఆయన నిలబడే ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా అట్ట మీద చిన్న గీత పడితే తన ఒంటి మీద పడినట్టు విలవిల్లాడిన మనిషి. నేను దేవుడి గదిలో పసుపు తడిపి, కుంకుమభరిణెతో సహా తెచ్చాను. కింద కూర్చుని మొదటి పెట్టె తీయబోతుంటే, నా చేతిలోంచి భరిణె తీసుకున్నాడు.

“నేను పెడతాను. ఎలా పెట్టాలో చెప్పు” అన్నాడు.

మీగడ రంగు అట్ట మీద పొడుగాటి మనిషి. పదో నంబరు. నియర్ మింట్. ఉంగరపు వేలు పసుపులో ముంచి, అట్ట పైమూల దగ్గరికి తెచ్చి, అక్కడే ఆపేశాడు. వాల్టర్ గారు తొందరపెట్టలేదు. నేనూ పెట్టలేదు. అప్పుడు కళ్ళు తుడుచుకోకుండానే వేలు ఆనించి, గట్టిగా నొక్కాడు, తడి లోపలికి దిగేట్టు. దాని మీద కుంకుమ పెట్టి, పెట్టెలో ఉన్న గ్రేడ్‌ల కాగితం తీసుకుని, పదో నంబరు ఎదురుగా రాసిన గ్రేడ్ కొట్టేసి, నన్ను పదకొండోది అందివ్వమన్నాడు.